మోటారు లోపలి కనబడని లెక్కలు

పామర్రు పరిసరములలోని ధాన్యపు మిల్లులలో తొట్టిలోనికి ధాన్యము పడగానే మోటారు హోరు ఒక పిసరు దిగుతుంది. వేగము తగ్గినదన్న మాట. ఎంత తగ్గినదో చెవికి అందదు.

ఈ ప్రేరణ మోటారులో స్టేటరు చుట్టలకు మూడు ఫేజుల విద్యుత్తు ఇస్తే అందులో ఒక అయస్కాంత క్షేత్రము గిరగిర తిరుగుతుంది. మన 50 సైకిళ్ల సరఫరాపై, నాలుగు ధ్రువముల మోటారులో, అది నిమిషమునకు 1500 చుట్లు. లోపలి రోటరు దానిని వెంబడిస్తుందే కాని అందుకోదు. అందుకుంటే దానిలో విద్యుత్తు పుట్టదు, బలమూ ఉండదు. రోటరు 1440 చుట్లు తిరిగితే వెనుకబాటు 60 చుట్లు, అనగా నూటికి 4. ఇంజనీర్లు దీనిని స్లిప్పు అంటారు. బరువు పెరిగినకొద్దీ ఇదీ పెరుగుతుంది.

సరఫరా సైకిళ్లను మార్చి వేగమును, తిప్పుబలమును కావలసినట్లు నడపవలెనంటే, రోటరులోని అయస్కాంత అభివాహము ఎంత, ఏ దిక్కున ఉన్నదో క్షణక్షణము తెలియవలెను. 1970 ప్రాంతమున జర్మనీలో హాసె, బ్లాష్కె అనువారు ఈ దారి చూపినారు. కాని పంజరము వంటి ఆ రోటరు నుండి ఒక్క తీగయైనా బయటికి రాదు. గాలిసందులో శోధకములు అమర్చవచ్చును. వేడికి, అదురుకు, ఊక దుమ్ముకు అవి ఎన్నాళ్లు నిలుచును?

సులువుగా చేతికందునవి రెండే: బయటి తీగలలోని వోల్టేజి, కరెంటు. కాలువ లస్కరు ప్రతి చుక్కనూ కొలవడు గదా! మట్టపురాతిపై అంకె చూసి, పట్టిక ననుసరించి పారుదల చెబుతాడు. ఇక్కడ పట్టికకు బదులు మోటారు సమీకరణములు. ఒక చిన్న గణకములో మోటారు ప్రతిరూపమును నడిపి, అసలు మోటారుకు ఇచ్చిన వోల్టేజినే దానికీ ఇస్తారు. అది ఊహించిన కరెంటును కొలిచిన కరెంటుతో పోల్చి, తేడాను బట్టి ఊహను సవరిస్తారు. ఇది సెకనుకు వేలసార్లు జరుగుతుంది. తేడా సన్నగిలిన కొద్దీ ప్రతిరూపములోని వేగము, అభివాహము అసలువాటికి దగ్గరవుతాయి. దీనికి పరిశీలకము అని పేరు. 1964లో లూయెన్‌బర్గర్ ఈ భావమునకు రూపమిచ్చినాడు. అంతకుముందే, 1960లో, కొలతలలోని కల్మషమును కూడా లెక్కలోనికి తీసుకొను పద్ధతిని కాల్మన్ చెప్పినాడు.

చిక్కంతా నెమ్మది వేగములో ఉన్నది. అప్పుడు ఇచ్చు వోల్టేజి కొద్ది. అందులో పెద్ద వాటాను తీగ నిరోధమే మింగుతుంది. రాగి 50 డిగ్రీలు వేడెక్కితే నిరోధము నూటికి ఇంచుమించు 20 పెరుగుతుంది. ఉదయము సరిపోయిన అంకె మధ్యాహ్నమునకు తప్పుతుంది. ప్రతిరూపము మాత్రము నిశ్చింతగా తప్పే చెబుతుంది. ధాన్యము నిండి ఆగిన ఎలివేటరును మరల కదల్చునప్పుడు ఇది బయటపడుతుంది. మోటారు కరెంటును గుంజుతుంది గాని బలము చాలదు; అట్లే ఉంచితే చుట్టలు కాలి, మరల చుట్టించవలసి వస్తుంది. అందుచేత ఇప్పుడు నిరోధమును కూడా నడకలోనే అంచనాకట్టి సవరించుకొను పరికరములు వచ్చినవి.