మందు ఆపకు తమ్ముడూ!

సులై (రియాద్): శుక్రవారం సెలవు. గోదాముల షట్టర్లు దించి ఉన్నాయి, లారీల మోత తగ్గింది. సులైలోని ఓ రూములో మనవాళ్లంతా వంట పనిలో ఉంటే ఒకాయన మాత్రం ఫోన్ చెవిన పెట్టుకుని బయటే తిరుగుతున్నాడు. చివరికి మమ్మల్ని పక్కకు పిలిచాడు. 'మా తమ్ముడు గోలీలు బంద్ జేసిండట అన్నా' అన్నాడు. కళ్లలో నీళ్లు.

పేరు, ఊరు మేం రాయడం లేదు. ఆ తమ్ముడు కూడా ఒకప్పుడు రియాద్‌లో పనిచేసినవాడే. 2007లో ఇఖామా మెడికల్‌లో హెచ్ఐవీ పాజిటివ్ వచ్చింది. ఇక్కడి రూలు ప్రకారం ఇంటికి పంపేశారు. ఊరెళ్లి ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు మొదలుపెట్టాడు. ప్రాణం నిలబడింది. కానీ రెండు మూడేళ్లలో బుగ్గలు లోపలికి పోయాయి, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యాయి. ఊరి చూపులు మారాయి. ఇప్పుడేమో ఉల్టా! కొత్త గోలీలు వచ్చాక ఒళ్లు చేసింది, పొట్ట పెరిగింది, ఈమధ్య షుగర్ కూడా వచ్చింది. 'ఈ మందులే నన్ను తింటున్నయి' అని నెల కింద మానేశాడట.

మందుల తప్పెంత?

అతడి మాటలో కొంత నిజం ఉంది. మన దేశంలో ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పటి మందుల్లో స్టావుడిన్ ఒకటి. చవక, కానీ కొవ్వు కణాలను దెబ్బతీసేది. దానివల్లే కొందరికి ముఖంలో, కాళ్లూ చేతుల్లో కొవ్వు కరిగిపోయేది. పాదాల్లో మంటలు, తిమ్మిర్లు వచ్చేవి. దాన్ని క్రమంగా మాన్పించాలని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తర్వాత మన దగ్గరా తీసేశారు. అయితే కరిగిన కొవ్వు అంత తొందరగా తిరిగి రాదు.

లోపినావిర్-రిటోనావిర్ అనే మరో జంట మందు కొందరిలో కొలెస్ట్రాల్‌ను, షుగర్‌ను పెంచుతుంది. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే గోలీ. ఇది బాగా పనిచేస్తుంది. కానీ కొందరు బరువు పెరుగుతారు, కొద్దిమందిలో షుగర్ పెరుగుతుంది. అలాగని నెపమంతా గోలీమీద వేయలేం. వయసు, తిండి, ఇంట్లోవాళ్లకు షుగర్ ఉండడం కూడా కారణాలే.

ఆపితే ఏమవుతుంది?

మందు మానిన కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. రోగనిరోధక శక్తి పడిపోయి టీబీలాంటివి అంటుకుంటాయి. ఆపుతూ, మొదలుపెడుతూ ఉంటే మందుకు వైరస్ లొంగకుండా పోవచ్చు. షుగర్‌కు, కొలెస్ట్రాల్‌కు వేరే మందులున్నాయి. అవసరమైతే హెచ్ఐవీ గోలీని కూడా డాక్టరే మారుస్తాడు. మన అంతట మనం మానొద్దు. మానేసి ఉంటే దాచకుండా సెంటర్‌లో చెప్పాలి.

ఫోన్‌లో ఇవి చెప్పండి

- షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు, బీపీ ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో సెంటర్‌లో అడగాలి.

- షుగర్ డాక్టర్‌కు హెచ్ఐవీ మందుల సంగతి చెప్పాలి. డోలుటెగ్రావిర్ వాడేవారి ఒంట్లో మెట్‌ఫార్మిన్ మోతాదు పెరుగుతుంది. అందుకే మామూలుగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు.

- సెలవుకు వెళ్లేవాళ్ల కార్టన్లలో బలానికని మనం పంపే కాల్షియం, ఐరన్ గోలీలతో జాగ్రత్త! గ్యాస్ మందులు కొన్ని కూడా అంతే. పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే అసలు మందు ఒంటికి పట్టదు. ఎంత ఎడం ఉండాలో డాక్టర్‌ను అడగాలి.

- గుట్టు బయటపడుతుందని భయపడొద్దు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం మన ఒప్పుకోలు లేకుండా ఎవరూ ఈ సంగతి బయటపెట్టకూడదు. ఇండియాలో 1097కు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగొచ్చు.

రాత్రి ఆయన మళ్లీ ఫోన్ కలిపాడు. 'నిన్ను బతికించింది ఆ గోలీలేరా, షుగర్ సంగతి తర్వాత చూద్దాం' అన్నాడు. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత 'సోమవారం సెంటర్‌కు పోత అన్నా' అన్నాడట తమ్ముడు. కార్టన్‌లో సర్దిన కాల్షియం డబ్బాను ఈయన బయటికి తీశాడు. దానిమీద పెన్నుతో రాశాడు: 'డాక్టర్‌ను అడిగినంకనే'.