లేసు పెట్టెలోని లెక్క

మా అమ్మకు ఒక అలవాటు ఉండేది. డిసెంబరు 31వ తేదీ సాయంకాలం, వాచ్‌నైట్ ఆరాధనకు బయలుదేరే ముందు, ట్రంకు పెట్టె మూత తీసి ఆ సంవత్సరం అల్లి ఇంట్లో ఉంచుకున్న లేసు ముక్కలన్నీ నులక మంచం మీద పరచేది. ఎక్కువేమీ ఉండేవి కావు. అల్లినదంతా ఏజెంటు పట్టుకుపోగా, మిగిలిన దారంతో చేసుకున్న టీపాయి గుడ్డ ఒకటి, దిండు గలీబులకు అంచులు రెండో మూడో. వాటిని చేత్తో నిమిరి, మళ్లీ మడతపెట్టి, "ఈ ఏడు ఇంతే" అనేది. ఆ మాట సంతోషంతో అనేదో విచారంతో అనేదో అప్పట్లో నాకు తెలిసేది కాదు.

అమ్మ ప్రభువునందు నిద్రించి చాలా కాలమైంది. నేను రాజోలు తాలూకాలోని పుట్టింటి నుండి కోడలిగా ఈ రాయవరం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ట్రంకు పెట్టె పోయి బీరువా అడుగు అర వచ్చింది గాని అలవాటు మాత్రం పోలేదు. నాకు లేసు బ్రతుకుతెరువు కాదు. ఆయన ఉద్యోగం, కొద్దిగా కొబ్బరితోట, వాటితో మాకు గడిచిపోతుంది. ఎవరైనా అడిగితే "కాలక్షేపమండీ" అంటూ వచ్చాను. ఈ సంవత్సరం ఆ మాట నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. అందుకే మంచం మీద పరచినవాటి సంగతి సహోదరీలతో చెప్పుకోవాలనిపించింది.

ముందు పూర్తయినవి చెబుతాను. పసిపిల్లల టోపీలు పదకొండు అల్లాను. ఊలుతో కాదు, మెత్తని నూలు దారంతో. మన వైపు చలి అంటే పుష్యమాసపు మంచే కదా. ఊలు టోపీ పెడితే తెల్లవారేసరికి పసివాడి తల చెమటతో తడిసిపోతుంది, గుచ్చుకుంటుందని ఏడుస్తాడు. నూలుదైతే వేడినీళ్లలో వేసి ఉతకవచ్చు. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది గనుక వేడి అక్కడ నుండి త్వరగా పోతుంది. కాన్పు కాగానే నర్సులు టోపీ అడిగేది అందుకే. గడ్డం క్రింద కట్టే తాళ్లు మాత్రం నేను పెట్టను. ముద్దుగానే ఉంటాయి గాని, నిద్రపోయే బిడ్డ మెడ దగ్గర తాడు ఉండకూడదు.

రెండవది, మా ఆలయంలో ప్రభురాత్రి భోజనపు బల్లకు గుడ్డ. చుట్టూ నాలుగంగుళాల లేసు అంచు, అందులో ద్రాక్షగుత్తులు. 40వ నెంబరు దారం వాడాను. (కొత్తవారి కోసం చెబుతున్నాను, దారం నెంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. మొదట నేర్చుకునేవారు 10వ నెంబరుతో మొదలుపెడితే కుట్లు కంటికి ఆనతాయి.) నాలుగు నెలలు పట్టింది. అయితే తొందరలో ఒక తెలివితక్కువ పని చేశాను. తాను నుండి చింపిన కొత్త గుడ్డను తడపకుండానే అంచు కుట్టేశాను. మొదటి ఉతుకుకు గుడ్డ ముడుచుకుంది, లేసు ముడుచుకోలేదు. అంచంతా అలలు తేలినట్లయింది. కుట్టు విప్పి, గుడ్డను రెండుసార్లు ఉతికి ఆరవేసి, ఇస్త్రీ చేసి, మళ్లీ కుట్టేసరికి ఇంకో పదిహేను రోజులు. ఆ తర్వాత పలుచని గంజిలో ముంచి, చాప మీద పరచి, ఒక్కొక్క మూలను గుండుసూదితో లాగి నిలబెట్టి నీడలో ఆరనిచ్చాను. ఇంత చేసినా నైరుతి మూల కొంచెం వంకరగానే ఉంది. ఆ మూలను గోడవైపు వేస్తున్నాము.

గుమ్మం తోరణాలు మూడు అల్లాను. రెండు గృహప్రవేశాలకు, ఒకటి పెళ్లికి, కానుకగా ఇచ్చాను. వీటి కథ తర్వాత చెబుతాను.

ఇక పూర్తికానిది పెద్ద మంచం దుప్పటి. వరుసకు పన్నెండు పువ్వుల చొప్పున పదిహేను వరుసలు, మొత్తం 180 పువ్వులు. ఇది మూడో సంవత్సరం. లెక్కపెడితే 96 ఉన్నాయి.

ఈ సూది మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో తెలియనివారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. 1844లో స్కాట్లాండు నుండి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు గోదావరి ప్రాంతపు స్త్రీలకు దీనిని నేర్పారని చెబుతారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. కాటన్ దొర దాని పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించారు. 1833 కరవు, 1839 కోరంగి ఉప్పెన చూసిన జనం వారు. చిత్రమేమంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, 1845 నుండి, ఐర్లండు దేశంలో బంగాళదుంప పంటకు తెగులు తగిలి ఘోరమైన కరవు వస్తే, అక్కడ కూడ కన్యాస్త్రీ మఠాలవారు పేద స్త్రీల చేతికి ఈ క్రోషే సూదినే ఇచ్చారు. ఆకలితో ఉన్న ఇంటికి సూది, దారపు ఉండ తప్ప వేరే పెట్టుబడి అక్కరలేని పని ఇది. మన దగ్గర మొదట బీద క్రైస్తవ కుటుంబాల స్త్రీలు నేర్చుకున్నారు. తర్వాత గడప దాటి పనికి వెళ్లే ఆచారం లేని ఇళ్లలోకి కూడ పాకింది. నరసాపురం, పాలకొల్లు వర్తకుల చేతుల మీదుగా ఐరోపా, అమెరికా దేశాలకు వెళ్లింది.

మా అమ్మ అల్లినది కూడ అలాగే వెళ్లి ఉంటుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి, ఏజెంటుతో పని లేకుండా నేరుగా వర్తకుడికే అమ్ముదామని, అమ్మ నన్ను వెంటబెట్టుకొని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లింది. మూటలో ఒక పెద్ద బల్ల గుడ్డ ఉంది. ఎన్ని నెలలు అల్లిందో నాకు గుర్తులేదు. కిరోసిను దీపం దగ్గర అల్లడం మాత్రం గుర్తుంది. ఆ వర్తకుడు దానిని అటూ ఇటూ తిప్పి, "ఇంట్లో తీరిక వేళ అల్లుకున్నదే కదమ్మా, దారం ఖర్చు పైన ఇంత ఇస్తాను" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. తిరుగు పంటులో నాకు జీళ్ల పొట్లం కొనిపెట్టింది. తాను ఏమీ తినలేదు.

ఇప్పుడు తోరణాల సంగతి. మా వీధి చివర ఇంటి కోడలు నరసాపురం వైపు పిల్ల. ఇద్దరు చిన్న పిల్లలు. భర్తకు పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. ఏజెంటుకు లేసు అల్లుతుంది, ఊళ్లో ఎవరైనా చెబితే తోరణాలు, టీవీ కవర్లు అల్లి అమ్ముతుంది. చేయి నాకంటే చురుకు. డిసెంబరు మొదటివారంలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, చాలాసేపు వేరే మాటలు మాట్లాడి, చివరకు అంది:

"పిన్నిగారూ, ఒక మాట అంటే ఏమీ అనుకోరు కదండీ?"

"చెప్పమ్మా."

"మొన్న గృహప్రవేశం చేసినవాళ్లు నన్ను తోరణం అల్లమన్నారండి. పాలకొల్లు నుండి దారం తెప్పించుకుని సగం అల్లేశానండి. ఈలోగా మీరు ఊరికే ఇచ్చారు కదండీ, ఇక అక్కరలేదన్నారండి." కొంచెం ఆగి, "మీది కాలక్షేపమండి. మీరు ఊరికే ఇస్తుంటే మా దగ్గర ఎవరు కొంటారండీ?" అంది.

కోపంగా అనలేదు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఎవరికీ కీడు చేయలేదు, నా చేతులతో అల్లి కానుక ఇచ్చాను, ఇందులో తప్పేమిటి అని మొదట అనిపించింది. తర్వాత నిజం ఒప్పుకోక తప్పలేదు. ఆ ఇంటివారు తోరణం కొనుక్కోలేనివారు కారు. వారి గుమ్మానికి నా తోరణం కట్టినప్పుడు వచ్చినవారంతా "ఎవరు అల్లారు?" అని అడగడం నాకు ఇష్టం. పైకి కానుక అన్నాను, లోపల కొంత ఆ పొగడ్త కోసమే. యొప్పేలోని దొర్కా సంగతి కూడ గుర్తుకు వచ్చింది. అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయంలో ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు పేతురుకు చూపించింది ఎవరు? విధవరాండ్రు. కొనుక్కోగలవారు కారు.

మరియా మీస్ అనే జర్మనీ దేశపు విదుషీమణి 1970లలో నరసాపురం ప్రాంతంలో ఉండి ఈ లేసు స్త్రీలను గురించి పరిశోధించి వ్రాసిన పుస్తకం 1982లో లండనులో అచ్చయింది. ఆమె చెప్పిన అసలు సంగతి ఇది: ఇంటిపని అంతా చేసుకొని, ఆపైన రోజుకు ఆరు, ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలను వర్తకులు పనివారని అనలేదు. ఇంట్లో కూర్చొని తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులన్నారు. స్త్రీలు కూడ తమను గురించి అలాగే చెప్పుకున్నారు. పని అని పేరు లేనప్పుడు కూలి మాత్రం ఎక్కడ నుండి వస్తుంది? నరసాపురం వర్తకుడు మా అమ్మతో అన్న మాట, నేను ముప్పై ఏళ్లుగా నవ్వుతూ అంటున్న మాట ఒకటేనని అప్పుడు తట్టింది.

గడియారం ముందు పెట్టుకొని చూశాను. నా దుప్పటి పువ్వు ఒకటి అల్లడానికి 40 నిమిషాలు. 180 పువ్వులకు 120 గంటలు. ఇది అతుకు పని కలపకుండానే. గుమ్మం తోరణం 22 గంటలు తీసుకుంది. ఆ అమ్మాయిని అడిగి, తోరణానికి ఆమెకు వచ్చేదానిలో దారం ఖర్చు తీసివేసి గంటకు ఎంతో కట్టి చూశాము. ఆ అంకె ఇక్కడ వ్రాయను, అది ఆమె ఇంటి సంగతి. ఊడ్పుల కూలిలో సగం కూడ లేదని మాత్రం చెప్పగలను. ఆమె కాగితం కేసి చూసి, "ఎప్పుడూ ఇలా లెక్క కట్టలేదండి పిన్నిగారూ" అంది. నిజానికి క్రోషే లేసును మనిషి చేయి లేకుండా అల్లే యంత్రం ఇంతవరకు రాలేదు. యంత్రం మీద దాని పోలికలు మాత్రం వస్తాయి. అంటే దుకాణంలో వేలాడే ప్రతి అసలైన క్రోషే ముక్క వెనుక ఎవరో ఒకరి వేళ్లు ఉన్నాయి, ఇన్ని గంటలు ఉన్నాయి.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. ట్యాగు వచ్చింది. మన రాజోలు, అమలాపురం వైపు చేసే పని కూడ అందులోకి వస్తుంది. మంచిదే. ఇక వేరే ప్రాంతపు సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. అయితే ఆ చట్టం పేరును కాపాడుతుంది గాని కూలిని నిర్ణయించదు. పైగా దాని క్రింద అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకున్నవారే ఆ గుర్తును వాడుకోగలరు. ఇంట్లో అల్లే స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడితే తప్ప ఒంటరిగా అక్కడికి చేరడం కష్టం. మా స్త్రీల సమాజం కూడికలో ఈ మాట ఎత్తాను. ఇద్దరు ముగ్గురు ఆసక్తి చూపారు, మిగిలినవారు క్రిస్మస్ పిండివంటల సంగతిలోకి వెళ్లిపోయారు. జనవరిలో మళ్లీ ఎత్తుతాను.

కొత్త సంవత్సరానికి నేను అనుకున్నవి ఇవి. దుప్పటికి ఇంకా 84 పువ్వులు కావాలి. రోజుకు ఒకటి అల్లితే మార్చి నెలాఖరుకు అవుతాయి, ఏప్రిల్‌లో అతుకు పని. వేసవి సెలవులకు మనుమలు వచ్చేసరికి మంచం మీద పరవాలి. ఇంత పెద్దది నా వల్ల అవుతుందా అని దిగులు వేసినప్పుడు, 2016 జనవరి 31న చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే బృందపు స్త్రీలు 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరచి గిన్నిస్ రికార్డు సాధించిన సంగతి తలుచుకుంటాను. మన లెక్కలో సుమారు రెండు ముప్పావు ఎకరాలు! ఎవరి ఇంట్లో వారు అల్లిన ముక్కలు ఒకచోట చేర్చి అంత చేశారు. నాది ఒక మంచమంతే కదా.

టోపీలు ఈసారి రెండు డజన్లు. ఎవరి ఇంట కాన్పు దగ్గరపడిందో, ఎవరికి నిజంగా అవసరమో ఆశా కార్యకర్తను అడిగి ఇస్తాను. తోరణాలు మాత్రం ఎవరికీ ఊరికే ఇవ్వను. అడిగినవారిని వీధి చివర ఇంటికి పంపుతాను. నా పైనాపిల్ డిజైను కాగితం కూడ ఆ అమ్మాయికే ఇచ్చేశాను. ఒకరిద్దరు బంధువులు ముఖం ముడుచుకుంటారని తెలుసు.

మరొకటి, రెండు సూదుల ఊలు అల్లిక నేర్చుకోవాలి. క్రోషేలో సూది మీద ఎప్పుడూ ఒకే కన్ను ఉంటుంది, మధ్యలో వదిలి పొయ్యి దగ్గరకు పరుగెత్తినా నష్టం లేదు. రెండు సూదుల అల్లికలో వరుస కళ్లన్నీ సూది మీదే ఉంటాయి. ఒకటి జారితే క్రింది వరుసలు కూడ నిచ్చెన మెట్లలా విడిపోతాయి. అందుకే ఇన్నాళ్లూ భయపడ్డాను. కాని అది సాగుతుంది, మేజోళ్లకు అదే బాగు. ఉత్తరాదిలో పనిచేసి రిటైరైన నర్సమ్మగారు మా సంఘంలో ఉన్నారు, ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట కూర్చోబెడతామన్నారు.

ఆ సగం తోరణం పూర్తి చేసి నాకే అమ్మమని వీధి చివర అమ్మాయితో చెప్పాను. మొదట ఒప్పుకోలేదు, "మీకు తోరణం అమ్మడమేంటండీ!" అని నవ్వింది. గంటల లెక్క వ్రాసిన కాగితం చూపించి, దాని ప్రకారం ఇచ్చాను. క్రిస్మస్ ముందురోజు తానే వచ్చి కట్టి వెళ్లింది. మా ఇంట్లో నా చేతితో అల్లని లేసు అదొక్కటే. అంచు కుట్టు నాకంటే బిగువుగా ఉంది, ఎలా వేసిందో అడగాలి.

జనవరి 1న ఆరాధన నుండి వచ్చి, భోజనాలయ్యాక, 97వ పువ్వు మొదలుపెట్టాను. మాటల్లో పడి మూడో వరుసలో ఒక గొలుసు తప్పింది. విప్పి మళ్లీ వేశాను.