దోసెడును ఇంగ్లీషులో ఏమంటారు?

ఇంగ్లీషు అంటే మన హాస్టల్ పిల్లల్లో చాలామందికి భయం. ఇంట్లో మొదట డిగ్రీ చేసింది మనమే కాబట్టి, ఆ భాష అంతా పెద్ద పుస్తకాల్లో పుట్టిందనుకుంటాం. నిజానికి ఇంగ్లండు, స్కాట్లండు పల్లెల్లో కూడా తక్కెడ లేని ఇళ్లుండేవి. అక్కడి జనం కూడా మన అమ్మల్లాగే చేత్తోనే కొలిచేవారు. ఆ పాత కొలతల పేర్లు కొన్ని తెలుసుకుందాం.

పించ్: రెండు వేళ్లతో తీసినంత. మన చిటికెడు.

ప్యూజిల్: బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు కలిపి తీసినంత. పూర్వం వైద్యులు ఎండు మూలికలను, పూలను ఇలా కొలిచేవారు.

నీవ్‌ఫుల్: పిడికెడు. ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు మాట. 'నీవ్' అంటే పిడికిలి, 'ఫుల్' అంటే నిండు. పిడికిలి నుంచి పిడికెడు, దోసిలి నుంచి దోసెడు మనం చేసుకున్నట్టే వాళ్లూ చేసుకున్నారు.

గౌపెన్: రెండు చేతులు కలిపి పట్టినంత, అంటే దోసెడు. ఎసెక్స్ ప్రాంతంలో దీన్నే 'యెప్సెన్' అన్నారు.

ఈ గౌపెన్ కూలివాళ్ల హక్కు కూడా. స్కాట్లండులో ఒకప్పుడు రైతులు తమ ధాన్యాన్ని ఫలానా మిల్లులోనే ఆడించాలనే కట్టడి ఉండేది. మిల్లుకు ఇచ్చే వాటా కాక, అక్కడి పనివాళ్లకు 'లాక్' (గుప్పెడు), 'గౌపెన్' అనే పేర్లతో కొంత ఇవ్వాలి. అలా పల్లెటూరి మాట న్యాయశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇటువంటి పల్లె మాటలను సేకరించి ఆరు సంపుటాల మాండలిక నిఘంటువుగా 1898-1905 మధ్య ప్రచురించినవారు జోసెఫ్ రైట్. యార్క్‌షైర్‌లో పేద ఇంట 1855లో పుట్టారు. ఆరేళ్లకే రాళ్ల క్వారీలో గాడిదల వెంట పనికి వెళ్లారు. తర్వాత బట్టల మిల్లులో చేరారు. పదిహేనేళ్ల వరకు ఆయనకు చదవడం రాదు. అటువంటి ఆయన 1901లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. ఇంటి దగ్గర మాట్లాడిన యాసనే ఆయన పరిశోధనాంశంగా తీసుకుని, దాని వ్యాకరణం కూడా రాశారు.

మరి మనమో? పట్నం కాలేజీలో ఎవరైనా నవ్వుతారని చేరెడు, పుడిసెడు, గంపెడు అనే మాటలను ఇంటి దగ్గరే వదిలేసి వస్తున్నాం. అవి మోటు మాటలు కావు. మన అమ్మలు, నానమ్మలు బడికి వెళ్లకుండానే నేర్చిన లెక్కలు. ఈసారి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు అటువంటి కొలత మాటలు ఒక నోటుబుక్కులో రాసుకొద్దాం. ఏ ఊళ్లో ఏమంటారో కూడా పక్కనే రాద్దాం. వచ్చే సంచికకు అవే మన వ్యాసం!