కుంచెకు తోడు కలం

చిత్రాన్ని చూచి మౌనంగా వెళ్ళిపోయేవారు అనేకులు. చిత్రకారునికి అంతకంటె లోటు లేదు. మెప్పైనా, ఆక్షేపణైనా అక్షరరూపం దాల్చినప్పుడే దానికి సమాధానం పుడుతుంది. చిత్రకారుడు, విమర్శకుడు, ప్రదర్శనను కూర్చే క్యూరేటర్ - ఈ ముగ్గురి నడుమ సంభాషణ అలా మొదలవుతుంది.

గుజరాత్‌లోని బరోడా (నేటి వడోదర) ఇందుకు నిదర్శనం. అక్కడ 1969లో గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్ అనే చిత్రకారులు ‘వృశ్చిక్’ అనే చిన్న పత్రికను ప్రారంభించారు. వృశ్చికమంటే తేలు. పేరుకు తగినట్లే అది లలితకళా అకాడమీ పనితీరును నిశితంగా ప్రశ్నించి, సంస్కరణలు కోరింది. భారతీయ చిత్రకళ స్వీయవ్యక్తిత్వాన్ని అన్వేషిస్తూ విమర్శకురాలు గీతా కపూర్ రాసిన సుదీర్ఘ రచన కూడా అందులోనే వెలువడింది. తరువాతి కాలంలో ఆమె క్యూరేటర్‌గానూ ప్రసిద్ధి పొందారు.

1973లో పత్రిక ఆగింది, సంభాషణ ఆగలేదు. 1981లో బొంబాయి, ఢిల్లీ నగరాలలో ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శన జరిగింది. పాల్గొన్న ఆరుగురిలో షేక్, ఖఖర్ కూడా ఉన్నారు. చిత్రంలో మనిషి రూపానికి గల ప్రాధాన్యాన్ని చర్చిస్తూ దాని కేటలాగుకు గీతా కపూరే వ్యాసం రాశారు.

ప్రదర్శన ముగియగానే చిత్రాలు తలొక చోటికి చేరుతాయి. వాటిని గురించిన వాదం రాతలో నిలిచినప్పుడే తరువాతి తరం వారు అందులో పాలుపంచుకోగలరు, అవసరమైతే విభేదించగలరు.