90 గంటల సైకిలు యాత్రకు సిద్ధపాటు

పొలానికీ బడికీ సైకిలు తొక్కే మనకు 1200 కిలోమీటర్లు తొక్కేవారున్నారంటే వింతగానే ఉంటుంది. ఫ్రాన్సు దేశంలో పారిస్ ప్రాంతం నుండి పడమటి తీరాన ఉన్న బ్రెస్ట్ పట్టణం వరకు వెళ్లి తిరిగివచ్చే యాత్ర అది. 1891లో పందెముగా మొదలైంది. ఇప్పుడు పందెం కాదు. నాలుగేళ్లకొకసారి జరుగుతుంది, 90 గంటలలోపు ముగించాలి. భోజనం, నిద్ర, పంక్చరు అన్నీ ఆ గంటల్లోనే. 2023లో మన దేశస్థులూ తొక్కారు.

క్రొత్తవారికి ప్రవేశపు మెట్లే మంచి పాఠశాల. అదే సంవత్సరం 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు పూర్తిచేయాలి. 600కు గడువు 40 గంటలు, అంటే గంటకు 15 కిలోమీటర్లు. వేగం గొప్పదేమీ కాదు.

కష్టమంతా రెండవ రోజున! తొడలకంటే ముందు పిరుదులు, మోకాళ్లు, అరచేతులు మొరపెడతాయి. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాలి ముందుభాగం నొప్పిపెడుతుంది. పెడలు అడుగుకు చేరినప్పుడు కాలు కొద్దిగా మాత్రమే వంగాలి. శనివారం దూరం తొక్కి, ఆ అలసటతోనే మరునాడు కొంత తొక్కడం అలవాటు చేసుకోవాలి (ఆరాధన ముగిసిన తరువాతే సుమా!). ఆకలి వేయకముందే తినాలి. ఎండలో ఉప్పు వేసిన మజ్జిగ మేలు.

అన్నిటికంటే భయపడవలసింది రాత్రి కునుకుకే. సైకిలు మీద కన్ను మూతపడితే లారీల దారిలో ప్రాణమే పోవచ్చు. వెంటనే దిగి, రోడ్డుకు దూరంగా కాసేపు పడుకోవాలి, గడువు దాటినా సరే. 400 కిలోమీటర్ల సవారీలో ఒక రాత్రంతా గడుస్తుంది గనుక, మీ ఇంటి యువకుడు నిద్రకు తాళగలడో లేదో అక్కడే తెలుస్తుంది.