మీకు తెలుసా? రోడ్డే కారుకు కరెంటిస్తే...

సోలార్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ కారు నడపడానికి కరెంటు చాలదని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే చిత్రంగా, చాలుతుంది! చిక్కంతా వేరేచోట ఉంది.

ఫ్రాన్స్‌లోని నార్మండీలో తూరూవ్ర్-ఓ-పెర్ష్ అనే చిన్న ఊరుంది. 2016 డిసెంబరు 22న అప్పటి పర్యావరణ మంత్రి సెగోలెన్ రొయాల్ అక్కడ కిలోమీటరు పొడవున్న సోలార్ రోడ్డును ప్రారంభించారు. కొలాస్ అనే రోడ్ల నిర్మాణ సంస్థ, ఉన్న తారురోడ్డునే ఉంచి దాని మీద 2,800 చదరపు మీటర్ల ప్యానెళ్లు అతికించింది. ప్యానెల్ మందం కొన్ని మిల్లీమీటర్లే. టైర్లకు పట్టు దొరకాలని పైన గాజుపొడి కలిపిన రెసిన్ పూత పూశారు. ఖర్చు 50 లక్షల యూరోలు, అంటే చదరపు మీటరుకు సుమారు 1,785 యూరోలు. ఐదు వేల జనాభా ఉన్న ఊరికి వీధి దీపాలు వెలిగించేంత కరెంటు వస్తుందని చెప్పారు. నార్మండీకి వెన్న, జున్నుల్లో ఉన్న పేరు ఎండలో లేదు మరి.

2017లో ఆ రోడ్డు సుమారు 1,49,000 యూనిట్లు ఇచ్చింది. మరుసటి ఏడాది 78,000 యూనిట్లకు పడిపోయింది. ట్రాక్టర్ల బరువుకు ప్యానెళ్లు పగిలాయి, అతుకులు లేచాయి, రాలిన ఆకులు కప్పేశాయి. 2018లోనే దాదాపు వంద మీటర్ల ముక్క బాగుచేయడానికి వీల్లేక పీకేశారు. టైర్ల చప్పుడు భరించలేక జనం గోల పెడితే వేగాన్ని గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించారు. ఊళ్ల మధ్య తిరిగే వాహనాలను తట్టుకునే స్థితికి తమ ప్యానెళ్లు ఇంకా రాలేదని చివరికి కంపెనీవాళ్లే ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ లెక్క చూద్దాం. 2017 ఉత్పత్తిని రోజులకు పంచితే రోజుకు సగటున 400 యూనిట్లు. ఓ మోస్తరు ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. అంటే రోజుకు 2,600 కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడా కరెంటు. రోడ్డు పొడవు ఒక్క కిలోమీటరే కాబట్టి, రోజుకు 2,600 కార్లను తన మీద నుంచి దాటించగలదన్నమాట. ఆ దారిలో రోజూ తిరిగేవి రెండు వేల వాహనాలు! ముసురు పట్టిన నార్మండీలో, ఆ మొదటి ఏడాది కాగితం మీద లెక్క కుదిరింది. లారీలు, ట్రాక్టర్లు ఎక్కువ తింటాయి, చలికాలంలో సగటు పనికిరాదు, రాత్రికి బ్యాటరీలో దాచుకోవాలి. ఇవన్నీ తీసేసినా ఆలోచన పిచ్చిదని కొట్టిపారేయలేం.

మరి ఎక్కడ తేడా కొట్టింది? ప్యానెల్‌కు సుఖంగా ఉండే నాలుగు సంగతులుంటే, రోడ్డు ఆ నాలుగింటికీ ఎదురు నడుస్తుంది. ప్యానెల్ సూర్యుడి వైపు వాలి ఉండాలి, రోడ్డు వెల్లకిలా పడి ఉంటుంది. తూరూవ్ర్ లాంటి ఉత్తరాది ఊళ్లలో ఈ నష్టం బాగా ఎక్కువ, మన అక్షాంశాల్లో తక్కువ. పైన పల్చటి, తేటైన గాజు ఉండాలి, రోడ్డుకేమో లారీని మోసే మందపాటి గరుకు పూత కావాలి. దుమ్ము ఉండకూడదు. నీడ అసలే పడకూడదు: వరసగా కలిపిన సెల్స్‌లో ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరస మొత్తం కరెంటు తగ్గిపోతుంది. సంక్రాంతికి విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లను తలచుకోండి. కరెంటు అన్ని రోజులకంటే ఎక్కువ కావాల్సింది ఆ రోజే, ప్యానెల్‌కు ఎండ అందకుండా అడ్డంగా నిలబడేదీ ఆ కార్లే.

వేడి సంగతి విడిగా చెప్పుకోవాలి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటాం గానీ, సిలికాన్‌కు కావాల్సింది వెలుతురే, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.4 శాతం వరకు తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం మన తారురోడ్డు 60 డిగ్రీలు దాటడం మామూలే. అంటే అక్కడే దాదాపు ఏడో వంతు పోయినట్టు. డాబా మీద ప్యానెల్‌కైతే కింద గాలి ఆడుతుంది, రోడ్డుకు అతికించినదానికి ఆ దారి లేదు. మన రైతులు వడ్లు తెచ్చి రోడ్డు మీద ఆరబోసేది ఆ తారు వేడి కోసం కూడా. వడ్లకు మేలు చేసిన ఆ వేడే ప్యానెల్‌కు కీడు.

దొంగతనం అనుమానాలు కూడా వచ్చాయని మీకు తెలుసా? చైనాలోని జినాన్ నగరంలో 2017 డిసెంబరు చివర ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇలాంటిదే కిలోమీటరు రోడ్డు వేశారు. వారం తిరక్కముందే 1.8 మీటర్ల ప్యానెల్ ముక్క మాయమైంది! నెదర్లాండ్స్‌లోని క్రొమెనీలో మాత్రం తెలివిగా 2014లో సైకిల్ బాటతో మొదలుపెట్టారు. సైకిల్‌కు బరువు లేదు, నీడ లేదు. అయినా ఆ చలికాలమే పైపూత కొంత ఊడింది. అమెరికాలోని ఐడహోలో బ్రూసా దంపతులు ఆరు పలకల గాజుపెంకులతో రోడ్డు వేస్తామని 2014లో జనం నుంచి 22 లక్షల డాలర్లు పోగేశారు. రెండేళ్ల తర్వాత శాండ్‌పాయింట్ ఊళ్లో ముప్ఫై పెంకులు పరిచారు, అది కూడా కార్లు తిరిగే చోట కాదు.

ఇంకో సంగతి. రోడ్డులో పుట్టిన కరెంటు దానంతటదే కార్లోకి ఎక్కదు, గ్రిడ్‌కు పోతుంది. నడుస్తున్న బండికి రోడ్డు నుంచే ఎక్కించాలంటే తారు కింద రాగి చుట్టలు, బండి అడుగున మరో చుట్ట ఉండాలి. ఈ పని జరుగుతోంది. దక్షిణ కొరియాలోని గుమి నగరంలో 2013లోనే అలాంటి బస్సులు తిరిగాయి. డెట్రాయిట్‌లో 2023 నవంబరులో పావు మైలు వీధికి ఈ ఏర్పాటు చేశారు. కానీ ఆ రాగి చుట్టలకు కరెంటు ఎక్కడి నుంచి వచ్చినా ఒకటే. అది ఆ రోడ్డు మీదే పుట్టాలన్న పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు.

రోడ్డు మీద కాకుండా రోడ్డు పక్కన, నెత్తిన నీడగా పెడితే? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు వేసిన సైకిల్ ట్రాక్ అదే. 2023 అక్టోబరు 1న అప్పటి మంత్రి కె.టి.రామారావు ప్రారంభించారు. కొరియాలో హైవే నడుమ వేసిన ప్యానెళ్ల నీడ సైకిల్ బాట దీనికి నమూనా. పొడవు 23 కిలోమీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు, పైకప్పు సామర్థ్యం 16 మెగావాట్లుగా ప్రకటించారు. మన ఎండకు కిలోవాట్ ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుందనుకుంటే, మొత్తం సామర్థ్యంతో పనిచేసినప్పుడు రోజుకు 64,000 యూనిట్లు. కిలోమీటరుకు సుమారు 2,800. నార్మండీ రోడ్డు తన మంచి ఏడాదిలో ఇచ్చినదానికి ఏడు రెట్లు! వెడల్పు ఎక్కువ, ఎండా ఎక్కువే, ఒప్పుకుంటాను. అవి తీసేసినా తేడా మిగులుతుంది. పైగా ఏ లారీ దాన్ని తొక్కదు, కింద సైకిల్ తొక్కేవాళ్లకు నీడ ఉచితం.

ఫ్రాన్స్ కూడా ఆ దారికే వచ్చింది. 1,500 చదరపు మీటర్లు దాటిన బహిరంగ కార్ల పార్కింగుల్లో కనీసం సగం మేర సోలార్ పందిళ్లు వేయాలని 2023 మార్చిలో చట్టం చేసింది.