వెన్నుపాముకు విద్యుత్తు ఇస్తే అరికాళ్ల మంట ఎందుకు తగ్గుతుంది?

హోసూరు, కృష్ణగిరి వైపు పెద్దలు చెప్పే అరికాళ్ల మంటలకు చాలాసార్లు కారణం చక్కెర జబ్బు. నొప్పినీ వేడినీ చల్లదనాన్నీ తెలిపే సన్నని నాడీతంతువులను అది దెబ్బతీసినప్పుడు, గాయమేమీ లేకపోయినా అవి నొప్పి సంకేతాలు పంపుతూనే ఉంటాయి, దీనినే సూక్ష్మతంతు నాడీవ్యాధి అంటారు. నాడుల వేగాన్ని కొలిచే సాధారణ పరీక్ష లావు తంతువులనే పట్టుకోగలదు గనుక, బెంగళూరు నిమ్‌హాన్స్ వంటి పెద్ద సంస్థలో చేయించినా ఫలితం మామూలుగానే రావచ్చు. అంతమాత్రాన ఆ బాధను కల్పితమనడం అన్యాయం, ఎందుకంటే చర్మపు చిన్న ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే తంతువులు తగ్గిన సంగతి బయటపడవచ్చు.

స్పర్శను మోసే లావు తంతువుల సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలను అణచగలవని, దెబ్బ తగిలిన మోకాలిని రుద్దితే ఉపశమనం కలిగేది అందుకేనని వివరించే ద్వార నియంత్రణ సిద్ధాంతాన్ని 1965లో శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. దాని ఆధారంగా 1967లో అమెరికాలో వైద్యుడు నార్మన్ షీలీ నొప్పి తగ్గించేందుకు వెన్నుపాముకు తొలిసారి విద్యుత్ ప్రేరణ ఇచ్చారు.

నేడు వెన్నుపాము పొర వెలుపల సన్నని తీగలను అమర్చి, చర్మం కింద ఉంచిన బ్యాటరీ నుంచి స్వల్ప విద్యుత్ స్పందనలు పంపుతారు. మధుమేహ నాడీనొప్పికి ఈ పద్ధతిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో ఆమోదించింది. ఇది నొప్పిని తగ్గించేదే తప్ప చెడిన నాడులను బాగుచేసేది కాదు, పైగా అందరికీ పనిచేయదు; కాబట్టి ముందు కొన్ని రోజులు తాత్కాలిక తీగలతో పరీక్షించి, నొప్పి తగినంత తగ్గిన వారికే పరికరాన్ని శాశ్వతంగా అమరుస్తారు.